బుల్లియ్య మేస్త్రి ఎక్కువడిగిన ఎనిమిది బస్తాలు

బుల్లియ్య మేస్త్రి అన్నం క్యారేజీలో సిమెంటు దొరికిందని పాలకొల్లు కాలవగట్టు వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారు. పట్టుకున్నది అన్నపూర్ణమ్మ అనీ, అక్కడికక్కడే పనిలోంచి తీసేసిందనీ పైన కలుపుతారు. క్యారేజీ మూత తీసి చూసిన మాట నిజమే. లోపలున్నది సిమెంటు కాదు, వంకాయలో వేసిన ఎండు రొయ్యలు. నీచు గిట్టని ఇల్లు కావడంతో ఆవిడ ముక్కు మూసుకుని మూత పెట్టేసింది. పనిలోంచి తీసేయడం కూడా అబద్ధమే. జరిగింది వేరు.

తుపాను వెళ్లిన మరుసటి ఏడు జోగేశ్వరరావుగారు పెంకుటిల్లు విప్పించి డాబా మొదలుపెట్టారు. ఆయనకి బజారులో కొబ్బరికాయల కొట్టు. భార్య అన్నపూర్ణమ్మ. వీధిలో ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఆవిడకి తెలియకుండా ఉండేది కాదు. సిమెంటు పర్మిట్టు మీద తప్ప దొరకని రోజులవి. ఎన్ని బస్తాలు కావాలో ముందే రాసివ్వాలి. తక్కువ రాస్తే మళ్లీ తాలూకా ఆఫీసు చుట్టూ తిరగాలి. ఎక్కువ రాస్తే మిగిలింది ఈ కాలవల చెమ్మకి నాలుగు వారాల్లో బండరాయైపోతుంది.

ఆవిడ మేనల్లుడు గోపాలకృష్ణమూర్తి ఓవర్సీరు. గోడల పొడవూ, శ్లాబు మందమూ గుణించి నూట పన్నెండు బస్తాలు చాలన్నాడు. బుల్లియ్య ముగ్గు పోసిన గీతల మధ్య ఒకసారి అటూ ఇటూ నడిచి నూట ఇరవై అన్నాడు.

"ఎనిమిది ఎందుకెక్కువోయ్?" అంది అన్నపూర్ణమ్మ.

"పడతాయండి."

"ఎక్కడ పడతాయని అడుగుతున్నాను."

"పడతాయండమ్మా. చాలకపోతే నన్నడగండి."

మేనల్లుడు చెవి దగ్గరకొచ్చి, "అత్తయ్యా, గోనెలోంచి కారిపోయేదీ, కింద ఒలికిపోయేదీ నా లెక్కలో వేసే ఉంది. ఆ పైన ఎనిమిదంటే కాళ్లొచ్చి నడిచిపోయే సిమెంటే" అన్నాడు.

జోగేశ్వరరావుగారు మాత్రం నూట ఇరవైయే రాసిచ్చారు. శ్లాబు పోత మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకులోంచి ఏటేటా వాన దిగుతుంది. ఆయన భయం అది. ఆవిడ భయం ఆ ఎనిమిది బస్తాలు.

బుల్లియ్యది మొగల్తూరు. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ వెంట సున్నం గానుగల దగ్గర చేరాడు. ఎద్దు తిరుగుతుంటే గానుగలోకి ఇసుక తోయడం మొదటి పని. తాపీ చేతికొచ్చే వేళకి ఊళ్లలోకి సిమెంటు దిగింది. పాపాయి అతని పెళ్లాం. అప్పుడే ఆమెని తీసుకుని పాలకొల్లు వచ్చేశాడు. వేళ్ల చివర్లు సిమెంటు తిని నున్నగా అరిగిపోయాయి. రూపాయి బిళ్ల కింద పడితే గోటితో లేవనెత్తలేడు. తాగడు, అప్పు చెయ్యడు, పనిలో ఉన్నంతసేపూ కూర్చోడు. ఇన్ని మంచి మాటలు చెప్పినవాళ్లే చివర్లో గొంతు తగ్గించి ఇంకోటి చెప్పేవారు. అతను కట్టిన ఏ ఇంట్లోనూ పని పూర్తయ్యాక దోసెడు సిమెంటు మిగల్లేదట.

"ఒక్క ఇంట్లోనైనా మిగలాలి కదండీ, మనిషన్నాక లెక్క తప్పడా?" అనేది అన్నపూర్ణమ్మ మొగుడితో.

"మిగిలితే దండగ అంటావు, మిగలకపోతే దొంగ అంటావు. వాడు ఏం చెయ్యాలే?"

బస్తాలు ఎడ్లబండి మీద వచ్చాయి. వాటిని పక్కింటివాళ్ల సావిట్లో చెక్కల మీద పేర్పించి, ప్రతి బస్తాకీ కుంకంబొట్టు పెట్టిందావిడ. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. నిజానికి అది బొట్టున్న బస్తా ఇంకెక్కడైనా కనిపిస్తే పోల్చుకోవడానికి. తాళంచెవి బొడ్డున దోపుకుని, ఏ పూటకి కావలసినవి ఆ పూటకే తీయించేది. విప్పిన బస్తా మాత్రం అరుగు పక్కన ఉంటుంది. దాని మీదే ఆవిడ అనుమానమంతా. పొద్దుట సగానికి ఉన్న బస్తా మధ్యాహ్నానికి అడుగంటేది, కట్టిన గోడేమో రెండు వరసలు కూడా లేచేది కాదు.

క్యారేజీ చూడడం అప్పుడే జరిగింది. అందులో ఏమీ లేకపోయేసరికి అరుగు మీద పీట వేసుకుని కాపలా కూర్చుంది. పరంజా మీద బుల్లియ్య చెయ్యి ఎటు కదిలితే ఆవిడ చూపు అటు.

"వదినగారూ, మా నూతిపళ్లెం గచ్చు బీటలిచ్చిందండీ, ఓ గిన్నెడు సిమెంటు ఇప్పిస్తారా?" అంటూ ఎదురింటి బడి మేస్టారి భార్య లలితాంబ వచ్చింది.

"గిన్నెడేంటమ్మా, నిండా పట్టుకెళ్లు" అని ముంచి పోసింది అన్నపూర్ణమ్మ, పరంజా మీద నుంచి చూపు తిప్పకుండానే.

సీతారామలక్ష్మి తులసికోటకని వచ్చింది. భీమరాజు గేదెల కుడితితొట్టి కారిపోతోందని ఏకంగా సిమెంటు మోసే గమేళాయే తెచ్చాడు. ఆ తర్వాత ఎవరెవరో. ఇల్లు కడుతున్నచోట అడిగితే కాదనడం ఆ వీధిలో ఎవరికీ చేతకాదు. మజ్జిగ పోసినట్టు పోసేవారు. అడిగినవాళ్లూ అంతే మామూలుగా పట్టుకెళ్లేవారు. ఆవిడ కళ్లు మాత్రం మేస్త్రిని వదల్లేదు. మేస్త్రి కూడా ఒకటి రెండుసార్లు కిందికి చూసి మళ్లీ తాపీ అందుకున్నాడు.

కాపలాతో ఏమీ తేలక, శ్లాబుకి నాలుగు రోజుల ముందు మునగాకు అడిగే నెపంతో మేస్త్రి ఇంటికే వెళ్లింది. తాటాకిల్లు, మట్టిగోడలు. గుమ్మంలో అడుగు పెట్టగానే అరికాలికి చల్లగా, నున్నగా తగిలింది. పొయ్యి దగ్గర్నుంచి గడప దాకా సిమెంటు గచ్చు. ఇంకా తడి నలుపు విడవలేదు.

పాపాయి కంగారుగా పీట వేసింది. ఎక్కడో చూసిన ముఖంలాగే అనిపించింది అన్నపూర్ణమ్మకి.

"గచ్చు కొత్తగా చేయించారేంటే?"

"మీ చలవేనండి అమ్మగారూ" అంది పాపాయి నవ్వుతూ.

ఎంత ధైర్యం అనుకుంది అన్నపూర్ణమ్మ. మొహం మీదే చెబుతోంది. మునగాకు కూడా తీసుకోకుండా తిరిగొచ్చేసింది. శ్లాబు నెత్తిన పెట్టుకుని మేస్త్రితో గొడవెందుకని ఆ నాలుగు రోజులూ నోరు కట్టుకుంది గానీ, రాత్రిళ్లు ఆ నున్నటి గచ్చే కళ్లముందు.

శ్లాబు రోజు తెల్లవారకుండానే కూలీలు దిగారు. ఆడవాళ్లు వరసకట్టి గమేళాలు అందిస్తుంటే, పైన బుల్లియ్య వంచిన నడుం ఎత్తలేదు. ఎండ దిగేటప్పటికి వంటింటి మూల ఒక్కటీ మిగిలింది. సావిట్లో బొట్టుబస్తాలు రెండు. ఆ రెండూ కలిపి పోస్తే మూల నిండింది. గమేళా అంచున గీకడానికి కూడా మిగల్లేదు.

గోపాలకృష్ణమూర్తి కూలీలందరి ముందూ గట్టిగానే అన్నాడు. "చూశావా అత్తయ్యా? నా లెక్కకి ఎనిమిది మిగలాలి. అడుగు మీ మేస్త్రిని, ఎక్కడ పోశాడో."

బుల్లియ్య తడిసిన గోనెపట్టా శ్లాబు అంచు మీద కప్పుతూ ఉండిపోయాడు. కూలీలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పక్క వీధి చలపతి వచ్చాడు. తన ఇంటి పని బుల్లియ్యకే ఇద్దామని మాటనుకుని ఉన్నాడు.

"పిన్నిగారూ, నిన్నటి మాట ఊరంతా పాకింది. మీరు ఒక్క మాట చెప్పండి. ఇమ్మంటే ఇస్తాను, వద్దంటే భీమవరం నుంచి ఇంకో మేస్త్రిని పిలిపించుకుంటాను. ఈ ఊళ్లో అయితే అతన్నింక ఎవరూ పిలవరు."

అన్నపూర్ణమ్మ చలపతిని అరుగు మీద కూర్చోమని, నిచ్చెన మెట్లెక్కి పైకి వెళ్లింది. బుల్లియ్య వరిమడికి గట్లు వేసినట్టు శ్లాబు మీద చిన్న చిన్న మళ్లు కట్టి నీళ్లు నింపుతున్నాడు.

"బుల్లియ్యా, ఇటు చూడు. కింద చలపతి కూర్చున్నాడు. నేనేం చెబితే అదే చేస్తానంటున్నాడు. అబద్ధం చెప్పకు. మా సిమెంటు మీ ఇంటికి చేరిందా, లేదా?"

అతను బిందె దించి, అరిగిన వేళ్లు పంచెకి తుడుచుకున్నాడు.

"చేరిందండి. మా ఇంటికొకటే కాదు, ఏ ఇల్లు కట్టినా ఆ వీధిలో అందరికీ చేరుతుందండి. గిన్నె పట్టుకొచ్చినవాళ్లని లేదనే ఇల్లాలిని నేనింతవరకూ చూళ్లేదు. అలాగని పైకి చెబితే, ఇచ్చే చేతిని ఆపమన్నట్టు ఉంటుంది కదండీ, అందుకని వీధిని బట్టి నాలుగో ఎనిమిదో ఎక్కువ చెబుతాను. మీ బస్తా నేను ముట్టుకోలేదు. మా పాపాయి కూడా అందరిలాగే గిన్నె పట్టుకొచ్చి మిమ్మల్నే అడిగిందండి, వరసగా వారం రోజులు. నిండా పోసి పంపించారు. అది ఎవరి పెళ్లామో ఒక్కసారి ముఖం చూసి ఉంటే తెలిసిపోయేది, కానీ ఆ వారమంతా మీరు నన్నే చూస్తూ కూర్చున్నారండి."