ల్యాబ్ తాళంచెవి

అందరూ ఆమెని పిచ్చుక అనేవారు. గుప్పెడు మనిషి, గంపెడు భయం. ఆర్నెల్లు పని నేర్చుకు రమ్మని కాలేజీవాళ్ళు రక్తపరీక్షల ల్యాబ్‌కి పంపారు. చివర్లో ల్యాబ్ యజమాని సంతకం పెడితేనే డిప్లొమా చేతికొస్తుంది. ఆమె చేరిన రెండోవారమే అక్కడి టెక్నీషియన్ మానేశాడు. యజమాని ఇంకొకరిని పెట్టుకున్నాడా? ఎందుకు పెట్టుకుంటాడు, జీతమడగని పిచ్చుక ఉండగా! ఉదయం ఏడింటికి తాళం తీసేదీ, సూది గుచ్చేదీ, ట్యూబుల మీద పేర్లంటించేదీ ఆమే.

ఆ రోజు లేబర్ ఆఫీసర్ వస్తున్నాడని కబురందగానే యజమాని ఆమెని మూలనున్న స్టూలు మీద కూర్చోబెట్టాడు.

“అడిగితే చూసి నేర్చుకుంటున్నానని చెప్పు. నోరు జారావో, సంతకం సంగతి మర్చిపో.”

పిచ్చుక తలూపింది. సంతకం లేకపోతే మూడేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. అమ్మకి ఏ మొహం చూపించాలి?

ఆఫీసర్ రానే వచ్చాడు. “నువ్వేం చేస్తావమ్మా?”

“చూ... చూస్తానండి.”

“మరి రక్తమెవరు తీస్తారు?”

“నేనేనండి!” అన్నాడు యజమాని, తెల్లకోటు తొడుక్కుంటూ. ఆయన సూది పట్టి ఎన్నేళ్ళయిందో!

సరిగ్గా అప్పుడే నెలనెలా రక్తపరీక్షకి వచ్చే మామ్మ వచ్చింది. యజమాని గుచ్చాడు. నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చాడు. చెయ్యి నీలంగా ఉబ్బింది. మూడోసారి సూది ఎత్తేసరికి మామ్మ చెయ్యి లాక్కుంది.

“నువ్వుండు నాయనా, చంపేసేట్టున్నావు! మా పిచ్చుకేదీ? చీమ కుట్టినట్టయినా తెలీకుండా తీస్తుంది. ఏమే, అక్కడ కూర్చున్నావేం?”

యజమాని కళ్ళెర్రజేశాడు. లేస్తే సంతకం పోతుంది. లేవకపోతే? మామ్మ ఉబ్బిన చేతిని ఒళ్ళో పెట్టుకుని బిక్కచచ్చి చూస్తోంది. ఆ చూపు భరించలేక పిచ్చుక లేచింది. రెండో చేతికి రబ్బరు పట్టీ బిగించి, వేలితో నరం తడిమి, ఒక్కసారే గుచ్చింది. ట్యూబు నిండింది. సూది చేతిలో ఉన్నంతసేపూ లేని భయం, సూది కింద పెట్టగానే మళ్ళీ మొదలైంది.

ఆఫీసర్ అడిగాడు: “రేపు నువ్వు రాకపోతే ఇక్కడేం జరుగుతుందమ్మా?”

ఆమె జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. “ల్యాబ్ తెరుచుకోదండి,” అంది ఏడుస్తూ.

ఆఫీసర్ తన తనిఖీ కాగితం మీద ఆమె పేరుకెదురుగా ఉన్న ‘విద్యార్థి’ అన్న మాట కొట్టేసి, పక్కనే ‘ఉద్యోగి’ అని రాశాడు.

“మరి నా డిప్లొమా సంతకం, సార్?” అంది పిచ్చుక.

ఆఫీసర్ యజమాని వైపు చూశాడు. యజమాని పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.