సెమీఫైనల్‌కి ముందు గురువారం

ఈ మాటను లోపలే మోస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఇంట్లో చెప్పలేదు. నమాజులో కూడా పెదవి దాటనివ్వలేదు. పైవాడికి ఎలాగూ తెలుసు కదా అని సరిపెట్టుకున్నాను. మనుషులకు చెప్పడమే నా వల్ల కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే పేరు పెట్టకుండా ఇక్కడ రాసి మీకు చెబుతున్నాను. ఇందులోనూ కొంత పిరికితనం ఉంది, ఒప్పుకుంటాను.

మాది రాయచోటి. రెండు వేల అయిదు ప్రాంతాల్లో నేను షార్జాలో ఒక బిల్డింగు కంపెనీలో ఫోర్‌మన్‌ని. సైటు అల్ నహ్దాలో, క్యాంపు ఊరికి దూరంగా. ఆ రోజు ఎవరు పైన పనిచేయాలో, ఎవరు కింద ఉండాలో పొద్దున్నే నేను చెప్పేవాణ్ణి. కాగితం లేదు, సంతకం లేదు. నా నోటి మాటే ఆర్డరు.

మా క్యాంపుకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. జట్టంటే నాకే నవ్వొస్తుంది. సగం మందికి బూట్లు లేవు. సైటు షూలు విప్పేసి వట్టి కాళ్లతో ఆడేవాళ్లు. ఏ లీగులోనూ మా పేరు లేదు. ఆ చలికాలం మలయాళీల సంఘం ఒకటి కప్పు పోటీ పెట్టింది, ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటికే. అడిగిన జట్టునల్లా చేర్చుకున్నారు, మమ్మల్నీ చేర్చుకున్నారు. నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. అయినా ఫోర్‌మన్‌ని కాబట్టి కోచ్‌ని కూడా నేనే అయ్యాను.

మా బలమంతా సాలెం. హైదరాబాద్ బార్కస్ కుర్రాడు, బంతి కాలికి తగిలితే ఇక వదిలేవాడు కాదు. వాడి పని పరంజా కట్టడం. పైపులు బిగిస్తూ అంతస్తు తర్వాత అంతస్తు పైకి వెళ్లాలి. వారమంతా ఆ పైపుల మీద నిలబడితే శుక్రవారానికి పిక్కలు పట్టేసేవి. హోటల్ పనివాళ్లతో మొదటి మ్యాచ్ బొటాబొటిగా గెలిచాం.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. గురువారం సాలెంని కింద స్టోరులో కూర్చోబెట్టి, స్టోరులో ఉన్నవాణ్ణి పైకి పంపితే? ఒక్క రోజే కదా, మర్నాటికి కాళ్లు తేలికపడతాయి. తర్వాతి మ్యాచ్‌కి ముందు అలాగే ఒక నేపాలీని పంపాను. సాయంత్రం క్షేమంగా దిగాడు. మర్నాడు జుమ్మా నమాజు తర్వాత బర్ దుబాయ్ బట్టల షాపుల జట్టుని మూడు గోల్స్‌తో కొట్టాం. మూడూ సాలెంవే. క్వార్టర్ ఫైనల్‌కి ముందు ఇంకొకణ్ణి పంపాను. వాడూ దిగాడు. టాక్సీ డ్రైవర్ల జట్టు ఇంటిదారి పట్టింది.

ఆ నేపాలీ ఒక్కో పైపునీ కావిలించుకుంటూ దిగడం నేను చూశాను. చూసి ఏం చేశాను? టీ ఇప్పించాను. అక్కడితో ఎందుకు ఆపలేదు? గెలుపు తలకెక్కింది. అంతే. నా సలాంకి ఏనాడూ బదులివ్వని ముదీర్, అంటే మా మేనేజరు, సైటులో కారు ఆపించి సెమీఫైనల్ ఎప్పుడని అడిగాడు. దుబాయ్‌లో డేరా బజారు టీ కొట్టు దగ్గర ముక్కూముఖం తెలియనివాళ్లు నన్ను "కోచ్ సాబ్" అన్నారు. గల్ఫ్‌కి వచ్చినప్పటినుంచీ సిమెంటు దుమ్ము తప్ప ఏమీ దక్కని మనిషికి ఆ పిలుపు ఎంత కమ్మగా ఉంటుందో మీకెలా చెప్పను?

సెమీఫైనల్‌కి ముందు గురువారం పొద్దున్నే గాలి మొదలైంది. ఇసుక లేచి ఎదురు బిల్డింగు సగానికి పైన కనిపించలేదు. పరంజాకి కట్టిన పచ్చ వల పటపటా కొట్టుకుంటోంది. పని ఆపుదామా అనుకున్నాను. ఆపితే ముదీర్‌కి సంజాయిషీ చెప్పుకోవాలి. పోనీ, పని తెలిసిన సాలెంనే పంపుదామా? మర్నాడే మ్యాచ్. ఆ రోజు స్టోరులో ఉన్నది మస్తాన్. మా ఊరివాడే, నేను పూనుకుని వీసా ఇప్పించి రప్పించినవాడే. నట్లు, బోల్టులు అందించడం తప్ప ఒక్క రోజు కూడా పైకి ఎక్కి ఎరగడు.

"మస్తాన్, ఈ పొద్దు సాలెం బదులు నువ్వు ఎక్కు."

"నేనా? నాకు ఎత్తంటే బయమన్నా. వద్దన్నా."

"ఒక్క పొద్దే కదప్పా. రేపు మ్యాచ్ ఉండాది."

"గాలి చూడన్నా, ఎట్లుండాదో."

"సేఫ్టీ బెల్టుంటాది గదా. యల్లా, ఎక్కు."

వాడు స్టోరు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. సాలెం తన బెల్టు విప్పి మస్తాన్ నడుముకి తనే బిగించాడు. పక్కకి జరిగినప్పుడల్లా హుక్కు తీసి మళ్లీ తగిలించాలని రెండు మూడుసార్లు చెప్పాడు. మస్తాన్ పైకే చూస్తున్నాడు, విన్నాడో లేదో తెలియదు.

మధ్యాహ్నం భోజనానికి ముందు పైనుంచి పైపు ఒకటి పడిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంకో చప్పుడు, అది పైపుది కాదు. వెళ్లి చూస్తే బెల్టు నడుముకే ఉంది. హుక్కు దేనికీ తగిలించి లేదు.

బతికాడు. వెన్ను విరిగి నడుం కింద చచ్చుబడింది. అంబులెన్సు వెళ్లాక ముదీర్ మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి, స్టోరువాణ్ణి పైకి ఎవరు పంపారని అడిగాడు. సాలెం నా వైపు చూశాడు. "ఎవరూ పంపలేదు సార్. పైపనికి జీతం ఎక్కువని ఆశపడి వాడే ఎక్కాడు" అన్నాను. ఆ మాట ముందే తయారై ఉన్నట్టు ఎంత తేలిగ్గా వచ్చిందో! ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

మర్నాడు ఆడాం. అవును, ఆడాం. గెలిచాం కూడా. సాలెం గోల్ కొట్టి, ఎవరికీ చెయ్యి కలపకుండా తల దించుకుని వెనక్కి నడిచాడు. నేను మాత్రం గొంతు పోయేలా అరిచాను. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. దింపమని అనలేదు.

ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్లాను. మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. తప్పంతా వాడిదేనని కంపెనీ తేల్చిందట, పరిహారం రాదట, ఊరికి పంపేస్తారట. నువ్వే ఎక్కమన్నావని ఒక్క మాట చెప్పన్నా అని బతిమాలాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు అని నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. అవి అబద్ధం కాదు, కానీ వాటి వెనక ఇంకొకటి ఉంది. ఫైనల్ ఇంకా మిగిలి ఉంది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా నిజం ఇదే.

ఫైనల్ రోజు సాలెం మోకాలు నొప్పి అని మంచం దిగలేదు. నొప్పి లేదని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. నా కింద పనిచేసేవాడు, అంతకంటే ఏం చేయగలడు? చిత్తుగా ఓడిపోయాం. ఆ వారమే మస్తాన్‌ని స్ట్రెచర్ మీద విమానం ఎక్కించారు.

నేనూ ఊరికి వచ్చేసి చాలా కాలమైంది. ప్రతి రంజాన్‌కీ వాడింటికి వెళతాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని మొదలుపెట్టాను, తర్వాత మానలేకపోయాను. ఆశకు పోయి నడుం విరగ్గొట్టుకున్నాడని ఊరంతా అంటుంది. విసుగొస్తే వాడి భార్య కూడా అదే అంటుంది. మొదట్లో వాడు కాదనేవాడు, నా పేరు చెప్పేవాడు. దుబాయ్‌కి తీసుకుపోయినవాడి మీదే నింద వేస్తావా అని వాణ్ణే తిట్టారు. నేను విని ఊరుకున్నాను.

కిందటి రంజాన్‌కి నేను పక్కనే కూర్చుని ఉండగా, కొత్తగా వచ్చిన చుట్టం ఒకాయన ఎట్లా పడ్డావని అడిగాడు. మస్తాన్ నా వైపు చూడలేదు.

"ఆశపడి ఎక్కినాలే" అన్నాడు.

నా చేతిలో సేమ్యా గిన్నె ఉంది. తిన్నాను.

వాడు అలసిపోయి అలా అన్నాడా? నన్ను కాపాడదామని అన్నాడా? లేక ఇన్నేళ్లు అందరూ అంటుంటే వినీ వినీ, తను నిజంగానే ఆశపడ్డానని నమ్మేశాడా? ఆ చివరిదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. వాడి కాళ్లు పోయాయి, సరే, వాడి నిజం కూడా నేనే తీసుకున్నానా?

మీరు క్షమిస్తే పోయేది కాదిది, అందుకే అడగను. వాడి ఎదుట చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడ రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. మస్తాన్ ఆశపడలేదు. భయమన్నాడు, వద్దన్నాడు. నేనే ఎక్కించాను.