దొంగ సీడీ పెట్టని నెట్ సెంటర్

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం పూట మా నెట్ సెంటర్ తలుపు తోసుకుని ఎవడో ఒక పిల్లవాడు తల లోపలికి పెట్టేవాడు. వాడితో పాటు కడప ఎండ కూడా వచ్చేది. "అన్నా, క్రికెట్ గేమ్ ఉండాదా?" అనేవాడు. మా నాన్న లేదనేవాడు. తల బయటికి పోయేది. పోయేవాడు తలుపు మాత్రం మూసేవాడు కాదు... లేచి మూయడం నా పని.

నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, పాత చీర చింపి అమ్మ కుట్టిన కర్టెన్లు... అదీ మా షాపు. నాన్న అంతకుముందు పల్లెలో శనక్కాయ వేసేవాడు. వానల కోసం చూసి చూసి విసిగిపోయి, చేను అమ్మి ఇది పెట్టాడు. ఇల్లు గడవాలంటే ఆ కుర్చీలు నిండాలి. అన్నాల దగ్గర అమ్మ అడిగే మొదటి మాటే "ఈ పొద్దు ఎంతమంది వచ్చినారు?" అని.

కుర్చీలు నిండాలంటే గేములుండాలి. మిగతా షాపుల్లో ఉండేవి. కాపీ సీడీతో విండోస్ వేసి, ఇంకో కాపీ సీడీతో గేమ్ వేసి పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు. అది తప్పని ఎవరికీ తోచేది కాదు... మా నాన్నకు తోచింది. ఆయన చర్చిలో సంఘ పెద్ద, ఆదివారం కానుకల సంచి పట్టుకునే మనిషి.

"దొంగ సీడీ నా షాపులో పెట్టను. పెట్టి, మళ్ళా ఇదే చేత్తో కానుకలు ఎట్ల పట్టేది?" అన్నాడు.

డబ్బు పెట్టి అసలైన విండోస్ కొనే స్తోమత లేదు. అప్పుడే తెలిసినవాళ్ళెవరో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన లినక్స్ సీడీ ఇచ్చారు... విండోస్ బదులు కంప్యూటర్ని నడిపించేది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసి పదిమందికి పంచినా తప్పు లేదు అని తెలిసేసరికి నాన్న మొహం వెలిగిపోయింది. "ఇది మన కోసమే చేసినట్టుండాది మే" అన్నాడు అమ్మతో.

నాలుగింటిలోనూ అదే వేశాడు. మెయిల్ చూసుకునేవాళ్ళకు, పరీక్షా ఫలితాల కోసం వచ్చేవాళ్ళకు సరిపోయింది. పిల్లలకు మాత్రం... అందులో ఉన్నది పేకాట, మంచు మీద జారే పెంగ్విన్ ఆట. కడప పిల్లలకు మంచు! మా పక్క వీధి మస్తాన్ కాసేపు జారి చూసి, "ఏందన్నా ఇది... బ్యాటు లేదు, తుపాకీ లేదు" అంటూ లేచాడు. వాడి వెనకే వాడి గుంపంతా పక్క సందులోని షాపుకు పోయింది.

నాన్న ఊరుకోలేదు. హైదరాబాద్ పోయేవాళ్ళకు చెప్పి క్రికెట్ గేమ్ అసలు సీడీ తెప్పించాడు. మెరిసే కవరు చుట్టి, అట్టపెట్టెలో వచ్చింది. మస్తాన్ గుంపును కబురు పెట్టి మరీ పిలిపించాడు. అందరూ వెనక మూగారు. సీడీ పెట్టాడు... ఆడలేదు. అది విండోస్ మీద మాత్రమే ఆడుతుందని అట్ట వెనక సన్నటి అక్షరాల్లో ఉంది. మేమెవరమూ చూసుకోలేదు.

విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే ప్రోగ్రాం ఒకటుందని ఎవరో చెబితే, నాన్న ఆ సెలవులంతా దాంతోనే కుస్తీ పట్టాడు. చివరికి ఒకరోజు తెర మీద గ్రౌండ్ వచ్చింది! ఆటగాళ్ళూ వచ్చారు. బంతి మాత్రం రాలేదు. బౌలరు ఉత్త చెయ్యి ఊపుతున్నాడు, బ్యాట్స్‌మన్ గాల్లో బ్యాటు తిప్పుతున్నాడు... పిల్లలు పడీ పడీ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. కాసేపటికి లేచి బయట ఎండలో నిలబడ్డాడు.

"దుడ్లు పెట్టి కొన్న మనకు ఆడదంట. ఎత్తుకొచ్చినోళ్ళకు బాగా ఆడతాది" అన్నాడు ఆ రోజు అన్నం దగ్గర.

"అందరూ ఏసుకుంటాండారు గదా, నువ్వూ ఏసుకో. ఎవురడిగేది?" అంది అమ్మ.

అయినా నాన్న దొంగ సీడీ వేయలేదు.

వానలు మొదలయ్యేసరికి షాపు మూసేశాం. నాన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. రాతి దుమ్ముతో జుట్టంతా తెల్లబడి ఇంటికొచ్చేవాడు. ఆ దుమ్ము చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఇప్పుడు కాలం మారింది... లినక్స్ మీదే నడిచే గేమ్ మిషన్లు చేతిలో పట్టుకుని తిరుగుతున్నారు. విండోస్ గేములు కూడా చాలావరకు అందులో మామూలుగా నడుస్తాయి. మొన్న మా పాపకు కంప్యూటర్లో లినక్స్ వేసిచ్చాను. తను కార్ల పందెం గేమ్ పెడితే ఒక్క నొక్కుకే తెరుచుకుంది. నాన్న కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. "చూస్తివా... నేను ఆ పొద్దే చెప్పలా!" అని ఎంత మురిసిపోయాడో.

తర్వాత పాప తన క్లాసు పిల్లలంతా ఆన్‌లైన్‌లో కలిసి ఆడే గేమ్ పెట్టింది. లోపలికి రానివ్వలేదు. నడవక కాదు... గేమ్ కంపెనీవాళ్ళే కావాలని ఆపారు.

"ఏమంటాండాది పాపా అది?" అన్నాడు నాన్న.

"లినక్స్ వాడేటోళ్ళను రానీయరంట తాతా. ఇందులో నుంచి వస్తే, మోసం చేసి గెలిచేటోళ్ళను పట్టుకోలేరంట" అంది పాప.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తెర వైపు చూశాడు.

"మనం మోసం చేస్తామనా?" అన్నాడు మెల్లగా.

పాప నా వైపు చూసింది. మోసగాళ్ళతో ఆ కంపెనీలూ విసిగిపోయి ఉంటాయి, కాదనను. కానీ దొంగతనం చేయనన్నందుకు బతుకుతెరువే పోగొట్టుకున్న మనిషిని, ఇన్నేళ్ళకు గుమ్మంలోనే ఆపి, నీ మీద అనుమానంగా ఉందంటే... కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదండీ నాకు.

అప్పట్లో కనీసం ఆయన్ని చూసి నవ్వేవాళ్ళే తప్ప, ఆయన్ని అనుమానించినవాళ్ళు లేరు...

అందరూ చేసే పని తాను చేయనని నష్టపోయిన షాపువాళ్ళు మీ ఊళ్ళో కూడా ఎవరైనా ఉంటే కింద రాయండి. మా నాన్నకు చదివి వినిపిస్తాను... ఆయన ఒక్కడే కాదని తెలియాలి.