నీళ్లడిగిన కాడ

కొత్తకోట బస్టాండు ఎదురుగా, మా చెప్పుల దుకాణాన్ని ఆనుకునే మొయినుద్దీన్ దుకాణం. క్యాసెట్ల కాలం నుంచీ లారీ డ్రైవర్లకు పాటలెక్కించి ఇస్తున్నాడు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు. కానీ ఆయన ప్రాణమంతా కథల మీదే. చుట్టుపక్కల ఊళ్లలో కథ చెప్పేవాళ్లను కూర్చోబెట్టి ముప్పై ఏళ్లుగా రికార్డు చేసి, తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. ఒక్కో కథ ఐదారు గంటలు సాగుతుంది కాబట్టి ముక్కలుగా ఉంటుంది. ముక్కలకు ఆయన నంబర్లు పెట్టడు. కథ ఎందుకు ఆగిందో అదే పేరు. ‘కుక్క మొరిగిన కాడ’, ‘కరెంటు పోయిన కాడ’, ‘నీళ్లడిగిన కాడ’. నవ్వేవాళ్లు నవ్వనీ, ఏ ముక్క అడిగినా అరనిమిషంలో తీసిపెట్టేవాడు.

మొన్న హైదరాబాద్ నుంచి అల్లుడు తౌఫీక్ వచ్చాడు. కంప్యూటర్ ఉద్యోగం. మామ జ్వరంతో మూడు రోజులు మంచాన పడితే దుకాణంలో తను కూర్చున్నాడు. ఊరికే కూర్చున్నా బాగుండేది. సాయం చేశాడు. ఆ పేర్లన్నీ పీకేసి కథ ఒకటి, కథ రెండు అని వరుసగా పెట్టాడు. అంతటితో ఆగినా బతికిపోయేవాళ్లం. దగ్గులు, కుక్కలు, హారన్లు, మధ్యలో వచ్చిన మాటలు, అన్నీ కత్తిరించి కథలను శుభ్రం చేశాడు. చోటు మిగులుతుందని పాతవి తుడిచేశాడు. క్యాసెట్లు ఏనాడో బూజు పట్టిపోయాయి.

నాలుగో రోజు, జ్వరం తగ్గి మొయినుద్దీన్ దుకాణంలో అడుగుపెట్టగానే, రేణుకమ్మ వచ్చింది. ఆమె తల్లి జములమ్మ పేరున్న కథకురాలు, పోయినేడు చనిపోయింది. రేణుకమ్మ కొత్తగా ఫోను కొనుక్కుని, నీళ్లడిగిన కాడి ముక్క ఒక్కటి ఎక్కించుకుందామని వడ్డేపల్లి నుంచి బస్సెక్కింది. మిగతా కథంతా రాజులు, రాణులేనట. అక్కడ మాత్రం కథ ఆపి, గొంతెండిపోతుంది, జర నీళ్లు తేవే రేణుకా అని తల్లి తనను పిలుస్తుందట. అప్పుడు తనకు పన్నెండేళ్లట. చెబుతూనే నవ్వింది.

మొయినుద్దీన్ వెతికాడు. ఆ పేరే లేదు. తౌఫీక్ ముందుకొచ్చి తొమ్మిదోది నొక్కాడు. రాణి ఏడుపు ముగిసీ ముగియకముందే జములమ్మ పాట అందుకుంది. మధ్యలో ఏమీ లేదు.

రేణుకమ్మ మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టారు.

“అన్నా, గీడ మా అమ్మ నన్ను పిలుస్తది గద. ఏది?”

అది కథలోది కాదని, డిస్టర్బెన్సని, తీసేశానని తౌఫీక్ చల్లగా చెప్పాడు. వెనక్కి తెస్తావా అని మామ అడిగాడు. రాదన్నాడు, ఆ చోట సినిమాలెక్కించాడట.

వాళ్ల ఇంట్లో మాట ఉర్దూ. అల్లుణ్ని పల్లెత్తు మాట అనే అలవాటు లేదు, మియా అని మర్యాదగానే పిలుస్తాడు. కానీ మొయినుద్దీన్‌కు కోపమొస్తే నోటికి తెలుగే వస్తుంది.

“ఒరే తౌఫీక్, తల్లి బిడ్డను పిలిస్తే నీకు చెత్తనారా? నేను ముప్పై ఏండ్లు కాపాడుకున్నది గా చెత్తనే. కథ ఎవరన్న చెప్తరు. గా పిలుపు ఇంకెవరు పిలుస్తరు?”

రోడ్డు మీద జనం ఆగి చూశారు. తౌఫీక్ మొహం మాడిపోయింది. మంచికే చేశానని గొణిగాడు. నాకు ఒళ్లు మండింది. ఈ మంచికే చేశానన్న మాటకు మందు లేదు.

ఉన్నదే ఎక్కించమంది రేణుకమ్మ. మొయినుద్దీన్ మొదట ‘కథ తొమ్మిది’ అన్న పేరు కొట్టేశాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘నీళ్లడిగిన కాడ’ అని రాసి, అప్పుడు ఫోనులోకి ఎక్కించాడు. ఆమె ఆ పేరు చదువుకుంది. మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి, తాగకుండా, కంప్యూటర్ ముందు పెట్టింది. బస్టాండుకు నడిచింది.

నీళ్లు వైర్ల మీద ఒలుకుతాయని తౌఫీక్ గ్లాసు తీయబోయాడు.

“ముట్టకు” అన్నాడు మొయినుద్దీన్.