చాప అడుగున తడి

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. బరువు మోయలేక చెబుతున్నానని అనుకోకండి. మోయడం అలవాటైపోయింది. అలా అలవాటు కావడమే ఈమధ్య భయంగా ఉంది.

నేను లెక్కల మనిషిని. ఇంట్లో ఎవరు ఏ తిథినాడు పుట్టారో, ఏ వేసవిలో మామిడికాయ ఏ ధర పలికిందో నన్నే అడుగుతారు. తప్పు చెప్పిన గుర్తు లేదు. ఒక్క సాయంత్రం గురించి మాత్రం నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు.

మాది గోదావరి గట్టుకి దగ్గరి ఊరు. మామిడి తాండ్ర చేసి అమ్ముతాం. పెళ్లైన కొత్తలో పెరట్లో రెండు చాపలతో నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు నలభై చాపలు పరుస్తున్నాం. ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లకి వేసవంతా ఇక్కడే పని.

తాండ్ర చూడ్డానికి తేలిక. మామిడి రసంలో పంచదార కలిపి, తాటాకు చాప మీద పలచగా పోసి ఎండబెడతాం. అది ఎండాక దాని మీద ఇంకో పూత. అలా పూత మీద పూత. కింది పూతలో తడి ఉండగా పైన పోస్తే లోపల పులిసిపోతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే వాసన. అందుకే మా పెరట్లో రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న. ఇవాళ పూత పోయాలా, ఆగాలా?

ఆ మాట నేనే చెప్పేదాన్ని. చాపల మధ్య తిరిగి, వేలితో నొక్కి, వంగి చాప అంచు సర్ది, "పొయ్యండి" అనేదాన్ని. నాది మంచి హస్తవాసి అని ఊరంతా చెప్పుకునేవారు. నిజానికి నేను అంచు సర్దేదాన్ని కాదు. వేళ్ల వెనకవైపు చాప అడుగున ఆనించి చూసేదాన్ని. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. తూర్పుగాలి తిరిగిన రోజున పైన ఎండిపోయినట్టే ఉంటుంది, అడుగున మాత్రం ఆరదు. నా హస్తవాసి మొత్తం ఇంతే.

కోడలు సత్యవేణి వచ్చిన రెండో వేసవికే పని పట్టుకుంది. మా అబ్బాయి కంటే చురుకు. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆయన, "ఇంక నువ్వు కూర్చో. అమ్మాయి చూసుకుంటుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం విస్తరి ముందు నుంచి లేవమన్నట్టు వినబడింది. కాయ ఎంచుకోవడం, రసం వడకట్టడం, పాళ్లు, పోత, అన్నీ ఆమెకి నేర్పాను. చాప అడుగు సంగతి నేర్పలేదు. తర్వాత చెబుదామనుకున్నానా? అలా అనుకున్నాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

ఆ ఏడు మృగశిర కార్తెకి ఇంకా రెండు రోజులుందనగా మా ఆయనకి రాజమండ్రిలో కంటి ఆపరేషన్ అయింది. నేను ఆయన దగ్గరే ఉన్నాను. సాయంత్రం ఫోను మోగింది.

"అత్తయ్యగారూ, మావయ్యగారికి ఎలా ఉందండి?"

"బానే ఉన్నారు. నల్ల కళ్లద్దాలు ఇస్తారంట. సినిమా హీరోలా మురిసిపోతున్నారు."

నవ్వింది. "చాపలన్నీ నొక్కి చూశానండి. వేలికేం అంటట్లేదు. పూత పోసేయమంటారా, ఆగమంటారా?"

"నొక్కి చూశావుగా?"

"చూశానండి. అయినా మీరో మాటంటే ధైర్యం."

"ఇంకా నా మాటెందుకమ్మా? అన్నీ నేర్చుకున్నావు. నీ ఇష్టం."

"అయితే పోయించేస్తానండి!" ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ వినబడుతుంది.

అప్పటికే మా ఊళ్లో తూర్పుగాలి తిరిగిందని నాకు తెలుసు. ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆ సరుకంతా పులిసిపోయింది. ఒక పెళ్లివారు పంచిపెట్టడానికి తీసుకెళ్లి, బంధువుల ముందే తిప్పి పంపారు. మా దగ్గర మొదటినుంచీ పనిచేస్తున్న వీరమణి, "కొందరి చేతికి తాండ్ర రాదు లెండి, ఏం చేస్తాం" అంది. సత్యవేణి అక్కడే ఉంది. నేను కాదనలేదు.

ఆ తర్వాత ఆమె చాప ముట్టుకోలేదు. ఆర్డర్లు, పార్సిళ్లు చూసుకునేది. సాయంత్రం పూత వేళకి అరుగు మీదే నిలబడేది. ఇంట్లో ఆవకాయ కలపాల్సి వచ్చినా, "మీరు కలపండి అత్తయ్యగారూ, నా చెయ్యి మంచిది కాదు" అనేది. నవ్వుతూనే అనేది. నేను కలిపేదాన్ని.

నిరుటి వేసవిలో నా కుడిచేతికి తిమ్మిరి పట్టింది. స్పర్శ నెమ్మదిగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రం చాప అడుగున చెయ్యి పెట్టాను. చల్లగా ఉందో, వెచ్చగా ఉందో తెలియలేదు. ఎడమచేతికి ఆ పని ఎప్పుడూ అలవాటు చేయలేదు. ఎనిమిది మందీ నా మొహమే చూస్తున్నారు. ఇంత పనీ నా నాలుగు వేళ్ల మీద నిలబెట్టానా? ఎవరి కోసం?

సత్యవేణిని పిలిచాను. చెయ్యి పట్టుకుని చాప అడుగున పెట్టాను. "ఇది నీకు నేను నేర్పలేదు. అప్పుడు సరుకు పోవడం నా తప్పు, నీ చేతిది కాదు" అని అందరి ముందూ చెప్పాను.

"ఇదా అమ్మగారూ! మేమంతా మీరు చాప సర్దుతున్నారనుకున్నాం" అని వీరమణి బుగ్గ నొక్కుకుంది.

"మర్చిపోయుంటారు లెండి అత్తయ్యగారూ" అంది సత్యవేణి.

మరుపు. ఆ మాట నాకు నీడలా దొరికింది. దాని కిందే ఏడాది గడిపాను.

ఆమె మాత్రం ఆ ఏడాదిలో పెరటి పద్ధతే మార్చేసింది. ఎనిమిది మందికీ చాప అడుగు చూడడం నేర్పింది. రోజూ ఇద్దరు విడివిడిగా చూడాలి. ఇద్దరి మాటా ఒకటైతేనే పూత. రోజూ అదే ఇద్దరు కాకూడదు. నేను పొయ్యమన్నా రెండో మనిషి చూసి తీరాలి. మొదట మనసుకి కష్టమైంది. తర్వాత ఆలోచిస్తే, ఇలాంటి కట్టుబాటు అప్పుడే ఉంటే నేను ఆ ఫోనులో ఏమన్నా సరుకు పోయేది కాదు కదా.

ఈ వేసవి చేతికి వైద్యం కోసం రాజమండ్రిలో మా చెల్లెలి ఇంట్లో వారం ఉన్నాను. సాయంత్రమయ్యేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. మోగలేదు. తిరిగొచ్చాక తెలిసింది, మధ్యలో మబ్బు పట్టి రెండు రోజులు పూత ఆపారట. ఒక్క చాప పులవలేదు. ఆ వారం నా అవసరమే పడలేదు. ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది. కడుపునిండా అన్నం తిన్నాను.

నా అవసరం ఉన్నన్నాళ్లూ, నా మాటకి విలువ పోతే పని పాడవుతుందని సాకు చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకూ లేదు. ఈ మధ్యాహ్నం పార్సిలు కడుతున్న సత్యవేణి పక్కన కూర్చున్నాను.

"అది మరుపు కాదమ్మా. తూర్పుగాలి తిరిగిందని తెలిసే నీ ఇష్టం అన్నాను."

ఆమె చేతిలో టేపు ఆగింది.

"మీరు రాజమండ్రిలో ఉన్నారుగా. ఇక్కడి గాలి మీకెలా తెలిసింది?"

"నీ మాట వెనక టార్పాలిన్ కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. పెరట్లో తూర్పు పాకకి కట్టినది. పడమటి గాలికి అది కదలదు."

"అంత బాగా విన్నారన్నమాట."

"విన్నాను."

ఆమె మళ్లీ టేపు అందుకుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా ఆమె నెత్తినే పెట్టినట్టవుతుంది. పార్సిలు కట్టడం పూర్తిచేసి లేచి వెళ్లింది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. అంత హాయి నాకు తగునో లేదో తెలియదు.

సాయంత్రం ఆమె వీరమణిని తూర్పు పాక దగ్గరికి తీసుకెళ్లి టార్పాలిన్ చూపిస్తూ ఏదో చెప్పింది. తర్వాత ఇద్దరూ విడివిడిగా చాపల అడుగున చేతులు పెట్టి చూశారు. అరుగు మీద కూర్చున్న నాకు వాళ్లేమనుకున్నారో వినబడలేదు.

కాసేపటికి రసం బిందెలు బయటికొచ్చాయి.