చక్రాలక్క రోడ్డు దాటిన రోజు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాంతో పిలిస్తే ఆమే పలకదు. వీధి వీధంతటికీ ఆమె చక్రాలక్క. వాళ్ళ నాన్నది సైకిల్ షాపు. ఆడుకునే వయసులోనే ఆమె చేతికి గ్రీజు అంటుకుంది, మళ్ళీ వదల్లేదు.

పెళ్ళయ్యాక అత్తగారికి కాళ్ళు పడిపోయాయి. ఓ సేవాసంస్థ వాళ్ళు ఇచ్చిన చక్రాల కుర్చీ నెల తిరక్కుండానే మూలపడింది. కోడలు దాన్ని విప్పి, బాగుచేసి, ఆవిడను వీధి చివరిదాకా తిప్పుకొచ్చింది. "నా కొడుకు నన్నెప్పుడన్నా ఇంత దూరం తీసుకెళ్ళాడా?" అని ఆవిడ కొడుకును దెప్పింది. ఈ సంగతి విన్న సంస్థవాళ్ళు చక్రాలక్కను పిలిచి, తమ ఆఫీసు వెనకగది అప్పగించారు. అప్పటినుంచీ ఆ చుట్టుపక్కల ఎవరి కుర్చీ పాడైనా అక్కడికే రావాలి.

ఆమెకో పద్ధతి ఉంది. బాగుచేసిన కుర్చీలో ముందు తనే కూర్చుంటుంది. చేతులతో తోసుకుంటూ రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న లైబ్రరీ ర్యాంపు ఎక్కి, దిగి వస్తుంది. బస్సు డ్రైవర్లు హారన్ కొట్టడం ఎప్పుడో మానేశారు. "నన్ను మోసిందంటే ఇక ఏనుగునైనా మోస్తుంది" అని తన ఒళ్ళు చూసుకుని తనే నవ్వుతుంది.

అలాంటి ఆఫీసుకు ఓరోజు సంస్థ పెద్దసారు వచ్చాడు. మైకు పట్టుకుని, ఇక్కడి ఆఫీసు మూసేస్తున్నామని తియ్యగా చెప్పాడు.

"కానీ మన భాగస్వామ్యాలు ఎక్కడికీ పోవు. ఆస్పత్రి, లైబ్రరీ, అందరూ మనతోనే ఉంటారు."

అందరూ చప్పట్లు కొట్టారు. చక్రాలక్క కొట్టలేదు.

"మరి కుర్చీలు పాడైతే సార్?"

"సిటీలో మన ఆస్పత్రి ఉందిగా, అక్కడికి తీసుకెళ్ళొచ్చమ్మా."

"కుర్చీ విరిగిన మనిషి సిటీకి దేనిమీద పోవాలి?"

సారు మంచినీళ్ళు తాగి, ఆమె చేతిలో పూలగుత్తి పెట్టాడు. ఆమె దాన్ని మైకు పక్కనే పెట్టేసి వచ్చేసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"పోనీలేవే, ఇంటిపట్టున ఉండు" అన్నాడు మొగుడు.

"ఉండి? నీ మొహం చూస్తూ కూర్చోనా?"

మర్నాడు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, కుర్చీలు బాగుచేసుకోడానికి వరండా అడిగింది. మంచివాడే గానీ పిరికివాడు. "పైనుంచి ఆర్డర్ రావాలమ్మా" అని నసిగాడు.

"పైనుంచి వాన తప్ప ఇంకేం రాదండీ" అని లేచొచ్చేసింది. ఆ వారమంతా తిండి ధ్యాస లేకుండా పనిచేసి, ఒక్కటి తప్ప కుర్చీలన్నీ నిలబెట్టింది.

మూసే రోజు వ్యాను వచ్చింది. గదిలో ఉన్నవన్నీ సంస్థవే, వేరే ఊరికి పంపాలి అన్నాడు పెద్దసారు. వాటిలో ఆ వీధి లెక్కల మాస్టారు బాగుకిచ్చిన కుర్చీ కూడా ఉంది. ఆయన తమ్ముడు ఆయన్ను ఎత్తుకొచ్చి లైబ్రరీ బల్లమీద కూర్చోబెట్టాడు. కుర్చీ పోతే ఆయనకిక నాలుగ్గోడలే గతి.

"పంపేముందు నడిపి చూడాలి సార్. అది నా పద్ధతి" అంది చక్రాలక్క.

"సరే, త్వరగా కానివ్వండి."

ఆమె మాస్టారి కుర్చీలో కూర్చుని రోడ్డు దాటింది. ర్యాంపు ఎక్కింది. కుర్చీ అక్కడే వదిలి, కాలినడకన తిరిగొచ్చి, ఇంకోదాంట్లో కూర్చుంది. వ్యాను దగ్గరి కూలీలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. గది సగం ఖాళీ అయ్యాకగానీ సారుకు విషయం బుర్రకెక్కలేదు.

"ఏమ్మా! ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మన భాగస్వామి దగ్గరికే సార్. ఎక్కడికీ పోవని మైకులో మీరే చెప్పారుగా."

సారు రోడ్డు దాటి లైబ్రేరియన్ మీద విరుచుకుపడ్డాడు. ఎవరిచ్చారు పర్మిషన్ అని అరిచాడు. లైబ్రేరియన్ మాస్టారి వైపు చూశాడు. అప్పటికే ఆయన తన కుర్చీలో కూర్చుని, చక్రం మీద చెయ్యి వేసి, బిగుసుకుని ఉన్నాడు.

"నేనే ఇచ్చాను సార్" అన్నాడు లైబ్రేరియన్. పేపర్ల బల్లను గోడకు జరిపి చోటు చేశాడు.

గదిలో ఇంక ఒక్క కుర్చీ మిగిలింది. దానికి చక్రమే లేదు. చక్రాలక్క దాన్ని నెత్తిన పెట్టుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికి దిగింది. బస్సు ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు.

"వదిలెయ్యండమ్మా, అది పనికిరాదు" అని అవతలినుంచి కేకేశాడు సారు.

"సాయంత్రం రండి సార్" అంది ఆమె నడిరోడ్డు మీదనుంచే. "దీంట్లో కూర్చుని చూపిస్తా."