అమ్మ ముందే చెల్లించిన మొక్కు

నాకు గుండు చేసింది కొండ మీద కాదు. భవానీపురంలో మా బాత్రూంలో, మా ఆయన గడ్డం ట్రిమ్మర్‌తో. అప్పటికి మూడు వారాలుగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చలు అరచేతులంత అయ్యాయి. పేనుకొరుకుడని, ఒంట్లోని రక్షణ శక్తే కుదుళ్ల మీద పడిందని చెప్పి డాక్టరుగారు తలలో ఇంజెక్షన్లు చేశారు. "రావచ్చు, రాకపోవచ్చు. మాట ఇవ్వలేనమ్మా" అన్నారు. ఆ నిజాయితీకి నాకు ఒళ్లు మండింది.

ఇరుగుపొరుగుకు మాత్రం మొక్కని చెప్పాను. ఆడదాని గుండుకు మా వైపు అంతకన్నా గౌరవమైన కారణం లేదు. పక్కింటావిడ చేతులు జోడించి, "పుణ్యం చేసుకున్నారండీ. మరి ప్రసాదం ఏదండీ?" అంది. అబద్ధం ఆడేటప్పుడు లడ్డూ సంగతి తట్టలేదు. బస్సులో మరిచిపోయామని ఇంకో అబద్ధం ఆడాను.

మొక్కు మాట మహా అయితే ఆరు నెలలు నిలుస్తుంది. ఆ తర్వాత ఎవరికైనా జుట్టు వస్తుంది. నాకు కనుబొమలు కూడా పోయాయి. పక్కింటావిడ అడగడం మానేసింది. అడిగినప్పుడే నయం.

ఉయ్యూరులో ఉన్న అమ్మకు నిజం చెప్పక తప్పలేదు. ఆ వయసులోనూ అమ్మది నడుం దాటే జడ. కోరిక తీరాక మొక్కు చెల్లించడం ఆనవాయితీ. అమ్మ ఆగలేకపోయింది. ఎవరికీ చెప్పకుండా కొండకు వెళ్లి, ముందే తలనీలాలిచ్చి, గంధం పూసిన గుండుతో మా గుమ్మంలో నిలబడింది.

"ఇచ్చేశానే. ఇంక ఆయనకి తప్పదు" అంది.

కోపం, ఏడుపు కలిసి వచ్చాయి నాకు. అయినా సిగ్గు లేకుండా ఆశపడ్డాను. రోజూ స్నానం కాగానే తల తడుముకునేదాన్ని. ఏమీ తగల్లేదు.

మూడు నెలల తర్వాత ఉయ్యూరు వెళ్లాను. తలుపు తీసిన అమ్మ నన్ను చూడగానే కొంగు తల మీదికి లాక్కుంది. వంటింట్లో కాఫీ కలుపుతుంటే ఆ కొంగు జారిపోయింది. తెల్లగా, ఒత్తుగా, అర వేలెడు జుట్టు.

"నేను నూనె కూడా రాయట్లేదే. దానంతటదే వచ్చేస్తోంది" అంది, తప్పు చేసి దొరికినట్టు.

"రానీ అమ్మా" అన్నాను.

కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "మళ్లీ తీయించేసుకోనా?" అంది.

"ఇంకో మొక్కా?"

"మొక్కని కాదే. నీ ఎదురుగా దువ్వుకోలేక."